14 ఫ్రేముల లెక్క: కెన్ హారిస్ పనితనం

అందరికీ నమస్కారం.

ఈ రోజు నేను మాట్లాడబోయే మనిషి పేరు మీలో చాలామంది విని ఉండరు. ఆయన చేతి పని మాత్రం చూడనివాళ్లు ఈ హాల్లో ఉండరు. ఆయన పేరు కెన్ హారిస్. 1898లో కాలిఫోర్నియాలో పుట్టాడు, ముప్పై ఏళ్లు దాటాక ఈ రంగంలోకి వచ్చాడు. వార్నర్ బ్రదర్స్ కార్టూన్ స్టూడియోలో చక్ జోన్స్ దర్శకత్వంలో దాదాపు పాతికేళ్లు యానిమేటర్‌గా పనిచేశాడు. రోడ్ రన్నర్ అనే పక్షి వెంట పరిగెత్తి, గాల్లో కాసేపు నిలబడి, మన వైపు దీనంగా చూసి కిందపడే ఆ నక్కలాంటి జంతువు, కయోటీ, గుర్తుందిగా? దాని నడకలు, పరుగులు, పాట్లు ఎన్నో ఆయన బల్ల మీదే పుట్టాయి.

జోన్స్ గురించి పుస్తకాలున్నాయి, ఇంటర్వ్యూలున్నాయి. హారిస్ గురించి అంత లేదు. దానికి ఒక కారణం టైటిల్ కార్డు. 1940ల మధ్య దాకా ఆ స్టూడియో కార్టూన్లలో యానిమేటర్ అని ఒకే ఒక్క పేరు వేసేవాళ్లు. నలుగురు కలిసి చేసినా పేరు ఒకరిదే, అదీ వంతులవారీగా. ఈ సినిమాలో మీ పేరు, వచ్చే సినిమాలో పక్క బల్ల ఆయన పేరు. అందుకని టైటిల్ చూసి ఫలానా సన్నివేశం ఫలానా వాళ్లు చేశారని చెప్పడానికి లేదు. కాళ్లు నేల మీద ఎలా ఆనుతున్నాయి, తల ఏ వంపులో తిరుగుతోంది, భంగిమ ఎన్ని ఫ్రేములు నిలుస్తోంది, ఇవన్నీ చూసి పోల్చుకోవాలి. ఈ పూట నేను చెప్పదలచుకున్నది కూడా అదే. యానిమేటర్ సంతకం గీతలో కన్నా లెక్కలోనే ఎక్కువ కనిపిస్తుంది. ఏ బొమ్మ ఎన్ని ఫ్రేములు ఉండాలి, దాని తర్వాతి బొమ్మ ఎంత ఎడంగా ఉండాలి అన్నది తేల్చేవాడే యానిమేటర్. చక్కగా గీసేవాళ్లు స్టూడియోలో వందమంది దొరుకుతారు. ఇది తేల్చగలిగేవాళ్లు నలుగురైదుగురే ఉంటారు.

ముందు పెద్ద లెక్క చూద్దాం. 35 మిల్లీమీటర్ల ఫిల్ములో అడుగుకు 16 ఫ్రేములు. సెకనుకు 24 ఫ్రేములు నడుస్తాయి, అంటే సెకనుకు అడుగున్నర. నిమిషానికి 90 అడుగులు. వార్నర్ కార్టూన్ దాదాపు ఆరు నిమిషాలు, 540 అడుగులు, 8640 ఫ్రేములు. ఒక్కో దర్శకుడి యూనిట్ ఏడాదికి సుమారు పది సినిమాలు తీయాలి, కాబట్టి ఒక్కోదానికి ఐదు వారాలు. ఆ యూనిట్లో యానిమేటర్లు నలుగురు. 540ని నలుగురికి పంచితే తలా 135 అడుగులు, ఐదు వారాలకు భాగిస్తే వారానికి 27 అడుగులు. అంటే వారమంతా కూర్చుంటే తెర మీద 18 సెకన్లు. వినడానికి తక్కువగా ఉంది కదా? అదే 18 సెకన్లలో 432 ఫ్రేములున్నాయి. రెండేసి ఫ్రేములకు ఒక బొమ్మ చొప్పున వేసుకున్నా 216 బొమ్మలు, అదీ తెర మీద ఒక్క పాత్రే ఉంటే. ఇద్దరుంటే రెట్టింపు. డిస్నీ పెద్ద సినిమాల్లో యానిమేటర్‌కు ఇంతకన్నా చాలా ఎక్కువ సమయం దొరికేది. వార్నర్లో దొరికేది కాదు. అందుకే అక్కడి పనిలో ఆ పొదుపు కనిపిస్తుంది. ఒక భంగిమ బలంగా పెట్టి దాన్ని నిలుపుతారు, తర్వాత చటుక్కున ఇంకో భంగిమలోకి దూకిస్తారు.

ఈ పద్ధతిలో ఇంకో కఠినమైన నియమం ఉంది. మామూలు సినిమాలో ఎక్కువ తీసి, ఎడిటింగ్‌లో కోసుకుంటారు. కార్టూన్లో తీసేశాక కోస్తే, చేతితో గీసి రంగు వేసిన వందల బొమ్మలు చెత్తబుట్టలోకి పోతాయి. ఆ ఖర్చు వార్నర్ భరించదు. కాబట్టి ఎడిటింగ్ అంతా గీయకముందే జరగాలి. జోన్స్, రచయిత మైకేల్ మాల్టీజ్ కలిసి కథ తేల్చేవాళ్లు. ఆ తర్వాత జోన్స్ తానే సినిమా మొత్తానికీ మూడు నాలుగు వందల భంగిమలు గీసేవాడు. ప్రతి సన్నివేశానికీ ఫ్రేముల లెక్క వేసి, ఎక్స్‌పోజర్ షీటు అనే లెక్కల కాగితంలో రాసేవాడు. మాటలు ముందే రికార్డు అయ్యేవి. ఆ షీటు, ఆ భంగిమలు, మాటల ట్రాక్ లెక్క, ఈ మూడూ కట్టగా కట్టి హారిస్ బల్ల మీదకు వచ్చేవి.

ఎక్స్‌పోజర్ షీటు గురించి ఒక్క మాట. మీరు సాఫ్ట్‌వేర్లో చూసే టైమ్‌లైన్ అడ్డంగా ఉంటుంది, ఇది నిలువుగా ఉండే పొడవాటి కాగితం. ఒక్కో అడ్డ వరుస ఒక ఫ్రేము, పదహారు వరుసలకు ఒక లావు గీత, అక్కడికి ఒక అడుగు. నిలువు గడుల్లో ఎడమవైపు ఏం జరగాలన్నది, తర్వాత మాటల అక్షరాలు, ఆ తర్వాత ఒక్కో సెల్ పొరకు, అంటే బొమ్మను ఎక్కించే పారదర్శకమైన రేకుకు, ఒక్కో గడి, చివర కెమెరా సూచనలు. యానిమేటర్, అసిస్టెంట్, సెల్ మీద సిరా గీత గీసే ఇంకింగ్ వాళ్లు, రంగు వేసే పెయింటింగ్ వాళ్లు, కెమెరామన్, అందరికీ ఇదొక్కటే ఆధారం. షీటులో 37వ బొమ్మ దగ్గర పొరపాటున 39 రాస్తే కెమెరామన్ 39నే తీస్తాడు. తీయాలి కూడా. బొమ్మ బాగుందా లేదా అని చూడటం ఆయన పని కాదు.

ఇప్పుడు బల్ల దగ్గరికి వద్దాం. ఏటవాలు బల్ల, మధ్యలో గుండ్రంగా తిరిగే పలక, అందులో గాజు, కింద దీపం. పలక అంచున పెగ్‌బార్. కాగితానికి పంచ్ చేసిన చిల్లులు ఆ పెగ్గుల్లో దిగితే ప్రతి కాగితమూ ఒకే చోట కూర్చుంటుంది. చిల్లు కాస్త వదులైతే చాలు, తెర మీద బొమ్మ వణుకుతుంది. యానిమేటర్లు పెగ్గుల్ని కింది అంచున పెట్టుకోవడానికి ఇష్టపడేవాళ్లు. ఎందుకంటే ఎడమ చేతి వేళ్ల సందుల్లో నాలుగైదు కాగితాలు ఇరికించి ఒకదాని తర్వాత ఒకటి తిప్పుతూ, కుడి చేత్తో గీస్తూ ఉండాలి. కదలిక సరిగ్గా ఉందో లేదో అప్పటికప్పుడు తెలిసేది ఆ వేళ్ల మధ్యే. పెన్సిల్ టెస్ట్, అంటే పెన్సిల్ బొమ్మల్నే ఫిల్మ్ తీసి ఆడించి చూడటం, చేయాలంటే అప్పట్లో ఫిల్మ్ కడగాలి, అది వచ్చేసరికి మీరు ఇంకో సన్నివేశంలో ఉంటారు. అందుకే మీ పిల్లలకు, అంటే మీ దగ్గర నేర్చుకునేవాళ్లకు, కాగితం తిప్పడం ముందు నేర్పండి. ప్లే బటన్ తర్వాత నేర్పవచ్చు.

సరే, గీయడం. మొదట కీ బొమ్మలు, కథ చెప్పేవి. వీటిలో చాలామటుకు జోన్స్ ఇచ్చిన భంగిమల నుంచే వస్తాయి. తర్వాత కదలిక ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో చూపే బొమ్మలు, పాదం నేలను తాకే క్షణంలాంటివి. వీటి చుట్టూ సున్నా చుడతారు. ఆ తర్వాత రెంటి మధ్య దారి ఎటు అని చెప్పే బ్రేక్‌డౌన్, దాని కింద గీత గీస్తారు. మిగిలినవి ఇన్‌బిట్వీన్లు, అవి అసిస్టెంట్ గీస్తాడు. అసిస్టెంట్‌కు నోటితో చెప్పరు. కీ బొమ్మ అంచున ఒక చిన్న నిలువు గీత గీసి, దాని మీద అడ్డగీతలు పెడతారు. అదే చార్టు.

[బోర్డు మీద నిలువు గీత గీశారు]

ఇది చూడండి. పైన 1, కింద 13. అంటే అర సెకను కదలిక. టూస్ మీద, అంటే ఒక్కో బొమ్మ రెండేసి ఫ్రేములు, కాబట్టి బేసి సంఖ్యలే ఉంటాయి. మధ్యలో 7. ఇప్పుడు 5 ఎక్కడ పెట్టాలి? 1కీ 7కీ సరిగ్గా సగంలో. 3 ఎక్కడ? 1కీ 5కీ సగంలో. చూశారా, 3 అనేది 1కి ఎంత దగ్గరగా వచ్చిందో. అటువైపూ అంతే. 7కీ 13కీ సగంలో 9, 9కీ 13కీ సగంలో 11. ఫలితం ఏమిటంటే కదలిక నెమ్మదిగా మొదలై, మధ్యలో వేగం అందుకుని, నెమ్మదిగా ఆగుతుంది. ఇదే ఆరు ఎడాలూ సమానంగా పెట్టి ఉంటే, కాలవ్యవధి అదే ఉంటుంది, బొమ్మల సంఖ్య అదే ఉంటుంది, తెర మీద మాత్రం ప్రాణం లేని మరబొమ్మ తిరిగినట్టుంటుంది. కొత్తవాళ్ల పని నూటికి తొంభై సార్లు ఇక్కడే చెడుతుంది. సాఫ్ట్‌వేర్ ఇచ్చే డిఫాల్ట్ ఇన్‌బిట్వీన్ కూడా చాలాసార్లు చేసేది ఇదే, సమానమైన ఎడాలు.

రెండో తప్పు ఆ మధ్య బొమ్మది. తల ఎడమ నుంచి కుడికి తిరుగుతోందనుకోండి. 7వ బొమ్మను అటూ ఇటూ సరాసరి తీసి గీస్తే ముక్కు ఒక సరళరేఖలో పక్కకు జరుగుతుంది. తల తిరిగినట్టుండదు, ముఖం మీద తొడుగు జారినట్టుంటుంది. అందుకని ఆ బ్రేక్‌డౌన్లో గడ్డం కిందకు దించుతారు, కళ్లు మూస్తారు. ముక్కు ఒక వంపులో ప్రయాణిస్తుంది. కోపంగా తిరుగుతుంటే వంపు తక్కువ, అనుమానంగా తిరుగుతుంటే పైకి. మార్చేది ఒక్క బొమ్మే, స్వభావం మొత్తం మారిపోతుంది. హారిస్‌కు ఉన్న పేరు ఇలాంటి చోట్లే. దర్శకుడు ఇచ్చిన భంగిమ ఎలాగూ ఉంటుంది. ఈ భంగిమలోంచి ఆ భంగిమలోకి ఎలా వెళ్లాలన్నది యానిమేటర్ సొంత నిర్ణయం.

నడక దగ్గరా అంతే. ఇక్కడ అడుగంటే ఫిల్ము అడుగు కాదు, కాలి అడుగు. అడుగుకు 12 ఫ్రేములు అంటే సెకనుకు రెండు అడుగులు, నిమిషానికి 120, కవాతు వేగం. 8 ఫ్రేములైతే నిమిషానికి 180, తొందరలో ఉన్న కార్టూన్ నడక. 16 అయితే 90, తీరిగ్గా షికారు. 1440ని ఫ్రేములతో భాగిస్తే వేగం వస్తుంది. ఈ లెక్క సంగీతం వాళ్లకూ అదే. వార్నర్ కార్టూన్ల సంగీత దర్శకుడు కార్ల్ స్టాలింగ్ బాణీ కట్టేటప్పుడు ఆయన చేతిలో ఉండేది దర్శకుడు వేసిన ఈ ఫ్రేముల లెక్కే. తాళం ముందే పడిపోయింది, పాట తర్వాత వచ్చింది. అందుకే ఆ కార్టూన్లలో పాదం సరిగ్గా వాద్యం మీద పడుతుంది.

12 ఫ్రేముల అడుగులో 1లో మడమ నేలను తాకుతుంది. 4లో మోకాలు వంగి శరీరం అన్నిటికన్నా కింద ఉంటుంది, బరువు కనిపించేది ఇక్కడ. 7లో ఒక కాలు రెండోదాన్ని దాటుతుంది. 10లో శరీరం అన్నిటికన్నా పైన. 13లో రెండో మడమ. ఇప్పుడు 7వ బొమ్మను మాత్రమే మార్చి, కాలు దాటే చోట శరీరాన్ని పైకి బదులు కిందకు దించి చూడండి, మిగతావి ముట్టుకోకండి. అదే పాత్ర వేరే మనిషిలా నడుస్తుంది. 4ను వదిలేస్తే ఏమవుతుంది? పాత్ర నేల మీద తేలుతుంది. బరువు లేని నడకలు మీరు టీవీలో చూసే ఉంటారు. అక్కడ లోపించింది ఆ ఒక్క బొమ్మే.

నడకతో వచ్చే ఇంకో చిక్కు బ్యాక్‌గ్రౌండ్. పాత్ర కాగితం మీద ఉన్నచోటే నడుస్తుంది, వెనక దృశ్యం జరుగుతుంది. అడుగు నిడివి 6 అంగుళాలు, 12 ఫ్రేములు అయితే, నేల మీదున్న పాదం ఫ్రేముకు అర అంగుళం వెనక్కు రావాలి. దృశ్యమూ ఫ్రేముకు అర అంగుళమే జరగాలి. రెండూ కలవకపోతే పాదం మంచు మీద జారినట్టు జారుతుంది. అంతా సరిగ్గా లెక్క వేసి కూడా ఒక చోట దెబ్బతింటారు. దృశ్యాన్ని ప్రతి ఫ్రేముకూ జరిపి, పాత్రను మాత్రం టూస్ మీద పెడతారు. పాదం రెండు ఫ్రేములు కదలకుండా ఉంటే నేల దాని కింద నుంచి అర అంగుళం జారిపోతుంది, మూడో ఫ్రేములో పాదం ఒక్కసారిగా అందుకుంటుంది. తెర మీద అదంతా వణుకు. ఇలా దృశ్యం జరిగే చోట, అంటే పాన్ ఉన్నచోట, పాత్ర వన్స్ మీద, ఫ్రేముకో బొమ్మ చొప్పున, ఉండాల్సిందే. పని రెట్టింపు అవుతుంది, తప్పదు. వార్నర్ వాళ్లు మిగతా చోట్ల నిలిపిన భంగిమలతో ఆదా చేసుకున్న బొమ్మల్ని ఇలాంటి చోట్ల ఖర్చు పెట్టేవాళ్లు.

ఇప్పుడు కయోటీ పడటం. 1949లో మొదటి రోడ్ రన్నర్ కార్టూన్ వచ్చింది. ఆ పతనం గురించి జోన్స్ చెప్పిన లెక్క ఇది. కొండ మీద నుంచి పడుతున్న కయోటీ చిన్నదై చిన్నదై మాయమవడానికి 18 ఫ్రేములు. ఆ తర్వాత 14 ఫ్రేములు ఏమీ లేదు. ఖాళీ లోయ. అప్పుడు అడుగున చిన్న దుమ్ము పొగ. 13 అయితే నవ్వు రాలేదు, 15 అయినా రాలేదు, 14కే వచ్చింది అంటాడాయన. 18, 14 కలిపితే 32 ఫ్రేములు, సరిగ్గా రెండడుగుల ఫిల్ము, సెకనూ సెకనులో మూడో వంతు.

ఆ 18 ఫ్రేముల్లో గీయవలసింది చూడండి. పై నుంచి కిందకు చూస్తున్నాం. ఉదాహరణకు మొదటి బొమ్మ 6 అంగుళాలు అనుకుందాం. కొత్తగా చేసేవాళ్లు 6ను 18తో భాగించి ఫ్రేముకు అంగుళంలో మూడో వంతు చొప్పున తగ్గించుకుంటూ పోతారు. మొదట్లో తేడా తెలియదు. 6 నుంచి 5 చిల్లర, పెద్ద మార్పు కాదు. చివరకు వచ్చేసరికి బొమ్మ అంగుళంలో రెండు మూడో వంతులుంటుంది, తర్వాతి ఫ్రేములో ఒక మూడో వంతు, అంటే ఒక్క ఫ్రేములో సగమైపోయింది, ఆ పై ఫ్రేములో లేదు. కంటికి అది దూరంగా వెళ్లినట్టు ఉండదు, బుడగ గాలి పోయినట్టుంటుంది. సరైన పద్ధతి తీసివేత కాదు, నిష్పత్తి. నాలుగు ఫ్రేములకు సగం అవ్వాలని పెట్టుకోండి. 6 అంగుళాలు నాలుగో ఫ్రేముకు 3, ఎనిమిదికి ఒకటిన్నర, పన్నెండుకు ముప్పావు, పదహారుకు అంగుళంలో మూడు ఎనిమిదో వంతులు. పద్దెనిమిదికి పావు అంగుళం చిల్లర మిగులుతుంది. అక్కడ దాన్ని లోయ రంగులో కలిపేయవచ్చు. ఇది వన్స్ మీదే చేయాలి. టూస్ మీద చేస్తే పరిమాణంలో దూకుడు కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది.

ఇక ఆ 14 ఫ్రేములు. గీయడానికి అందులో ఏమీ లేదు. అర సెకను కన్నా కాస్త ఎక్కువ. అంతసేపూ ప్రేక్షకుడే ఆ పతనాన్ని పూర్తి చేస్తాడు. తక్కువైతే వాడికి ఆ సమయం చాలదు, ఎక్కువైతే వాడు ముందే చేరుకుని ఎదురుచూస్తుంటాడు. దుమ్ము లేచాక వినిపించే చప్పుడు కూడా చిన్నదిగా, ఎక్కడో దూరంగా ఉంటుంది. ఆ శబ్దాలు ట్రెగ్ బ్రౌన్‌వి. పెద్ద ధబ్బు వేసి ఉంటే లోయ లోతు పోయేది.

పడేముందు గాల్లో నిలబడే ఆ క్షణం గురించి కూడా చెప్పాలి. నిలబడటం అంటే ఒకే బొమ్మను కెమెరా కింద అలా ఉంచేయడం అనుకోకండి. ఒకే బొమ్మ ఎక్కువ ఫ్రేములు ఉంటే పాత్ర చచ్చి కాగితమైపోతుంది. దాదాపు ఒకేలా ఉన్న రెండు బొమ్మలు తీసుకుని, మొదటిదాని నుంచి రెండోదానిలోకి చాలా నెమ్మదిగా, వెంట్రుకవాసి ఎడాలతో జరుపుతారు. చెవులు కాస్త దిగుతాయి, కనురెప్ప పడి లేస్తుంది. కన్ను మాత్రం మన మీదే ఉంటుంది. ఏ భంగిమైనా 6 ఫ్రేములకన్నా తక్కువ ఉంటే కంటికి ఆనదని పెట్టుకోండి. అలాగే పాత్ర తెర నుంచి రివ్వున పోవాలంటే, పోయే ముందు వెనక్కు 6 నుంచి 8 ఫ్రేములు లాగి పట్టాలి. పోవడానికి రెండు మూడు ఫ్రేములు చాలు, దుమ్ము మాత్రమే మిగులుతుంది. లాగడం లేకపోతే ఎవరు పోయారో, అసలు పోయారో లేదో చూసేవాడికి తెలియదు.

మరీ వేగమైన కదలికలో ఇన్‌బిట్వీన్లే ఉండవు. రెండు భంగిమల మధ్య ఒకే ఒక్క సాగదీసిన బొమ్మ, ముఖం ఒక చివర, ముఖం మరో చివర, మధ్యలో రంగు పూసినట్టు. ఒక్క ఫ్రేము ఉంటుంది, అంతే. దీన్ని స్మియర్ అంటారు. 1942లో జోన్స్ యూనిట్ ఒక సినిమా మొత్తం ఈ పద్ధతితో నడిపింది. ఆపి చూస్తే వికారంగా ఉంటుంది, ఆడిస్తే చురుగ్గా ఉంటుంది. రెండు ఫ్రేములు ఉంచితే మాత్రం పని చెడుతుంది, కన్ను దాన్ని బొమ్మగా పట్టేసుకుంటుంది.

మాటల సంగతి త్వరగా చెప్తాను, ఇది తెలుగులో పనిచేసేవాళ్లకు బాగా అవసరం. పాత్రలకు గొంతు ఇచ్చే మెల్ బ్లాంక్ మాటలు రికార్డు అయ్యాక, ట్రాక్‌ను మూవియోలా అనే ఎడిటింగ్ యంత్రం మీద ఫ్రేము ఫ్రేముకూ విని, ఏ ధ్వని ఎక్కడ మొదలైందో షీటులో రాస్తారు. పెదవులు కలిసే ప, బ, మ ధ్వనులకు నోరు కనీసం రెండు ఫ్రేములు మూసి ఉండాలి. ఒక్క ఫ్రేమైతే కనిపించదు. నోటి బొమ్మ ధ్వనికన్నా ఒకటి రెండు ఫ్రేములు ముందుంటే సహజంగా ఉంటుంది, వెనకబడితే వెంటనే పట్టుబడుతుంది. ఇంగ్లీషులో మాట చాలాసార్లు హల్లుతో ఆగుతుంది, నోరు మూతపడుతుంది. మనకు మాటలు ఎక్కువగా అచ్చుతో ముగుస్తాయి. ఇంగ్లీషు నోటి చార్టును యథాతథంగా తెలుగుకు వాడితే, "వచ్చాడు" అన్నాక కూడా సాగాల్సిన పెదవులు చప్పున మూసుకుపోతాయి. తెలుగుకు విడిగా చార్టు వేసుకోండి. వాక్యం చివర అచ్చును రెండు మూడు ఫ్రేములు ఎక్కువ తెరిచి ఉంచండి.

గీసిన బొమ్మ సెల్ మీదకు వెళ్లే దశలో యానిమేటర్‌కు చేతిలో ఏమీ ఉండదు. కానీ అక్కడి పరిమితులు తెలియకపోతే బల్ల దగ్గరే తప్పు చేస్తాడు. సెల్ ముందు వైపు పాళీతో సిరా గీత, వెనక వైపు రంగు. తెల్లటి చేతి తొడుగులు, ఎందుకంటే వేలిముద్ర దీపాల కింద మెరుస్తుంది. సెల్ పారదర్శకమే అయినా కాస్త వెలుగును తినేస్తుంది. నాలుగైదు పొరలు మించితే అడుగున ఉన్నది మసకబారుతుంది. అందుకని అడుగు పొరలో ఉండే రంగును కొంచెం లేతగా కలుపుతారు. ఇక్కడే ఒక పాతకాలపు తప్పు ఉంది. సన్నివేశం సగంలో ఒక పాత్ర బయటకు పోయింది, దాని సెల్ తీసేశారు. వెంటనే మిగతా పాత్రల రంగు తళుక్కున మారుతుంది, పై నుంచి ఒక పొర తగ్గింది కదా. మందు ఏమిటంటే, పోయిన సెల్ స్థానంలో ఖాళీ సెల్ పెట్టాలి. సన్నివేశం మొదటి నుంచి చివరి దాకా పొరల సంఖ్య మారకూడదు. షీటులో ఆ గడిలో ఖాళీ అని రాయాల్సిన బాధ్యత యానిమేటర్‌ది.

ఈ మెట్లన్నీ ఎక్కి వచ్చినవాళ్లే అప్పటి యానిమేటర్లు. జోన్స్ మొదటి ఉద్యోగం అబ్ ఐవర్క్స్ స్టూడియోలో, వాడేసిన సెల్స్ కడగడం. మళ్లీ వాడుకోవడానికి సిరా, రంగు కడిగేసేవాళ్లు. చరిత్ర అలా ఎంత కొట్టుకుపోయిందో తలుచుకుంటే బాధ వేస్తుంది. సెల్ కడగడం, తర్వాత పెయింటింగ్, ఇంకింగ్, ఇన్‌బిట్వీన్, అసిస్టెంట్, ఆ పైన యానిమేటర్. ఆడవాళ్లకు ఈ నిచ్చెన ఇంకింగ్, పెయింటింగ్ దగ్గరే ఆగిపోయేది. ఎంత నిక్కచ్చి గీత వాళ్లదైనా సరే. వాల్టర్ లాంట్జ్ స్టూడియోలో లావెర్న్ హార్డింగ్ 1930ల నుంచే యానిమేటర్‌గా చేసింది. అలాంటివాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంతమందే. ఇది న్యాయం కాదు, చరిత్ర చెప్పుకునేటప్పుడు దాటేయకూడదు.

1941 మే నెలలో వార్నర్ కార్టూన్లు తీసే లియోన్ ష్లెసింగర్ స్టూడియోలో యూనియన్ గుర్తింపు కోసం గొడవ వచ్చింది. యజమాని తలుపులు మూశాడు, ఆరు రోజుల్లో ఒప్పందం కుదిరింది. అదే నెల 29న డిస్నీలో సమ్మె మొదలై వారాల తరబడి సాగింది. 1944లో ష్లెసింగర్ స్టూడియోను వార్నర్‌కు అమ్మేశాడు. 1953లో త్రీడీ మోజు వచ్చి వార్నర్ కార్టూన్ విభాగాన్ని కొన్ని నెలలు మూసేసింది. 1963లో పూర్తిగా మూసేశారు. టెలివిజన్ కార్టూన్లకు వారానికి 27 అడుగులు చాలవు, ఎన్నో రెట్లు కావాలి. అక్కడ తల, చెయ్యి విడిగా సెల్స్ మీద పెట్టి మిగతా ఒళ్లు కదపకుండా ఉంచేవాళ్లు.

1957లో జోన్స్ తీసిన ఒపెరా కార్టూన్, "వాట్స్ ఒపెరా, డాక్?", వెనక సంగతి ఈ సందర్భంలోనే చెప్పాలి. అందులో 106 షాట్లున్నాయి, ఐదు వారాలు చాలలేదు, ఏడు పట్టింది. ఆ అదనపు వారాలను రోడ్ రన్నర్ సినిమా ఖాతాలో రాసుకుని నెట్టుకొచ్చారు. యానిమేటర్లుగా కెన్ హారిస్, ఏబ్ లెవిటో, రిచర్డ్ థాంప్సన్ పేర్లున్నాయి. 1992లో అది అమెరికా జాతీయ చలనచిత్ర రిజిస్ట్రీలో చేరింది.

స్టూడియో మూతపడ్డాక హారిస్ ఇంట్లో కూర్చోలేదు. 1966లో జోన్స్ టీవీకి తీసిన గ్రించ్ చిత్రంలో చేశాడు. తర్వాత లండన్‌లో రిచర్డ్ విలియమ్స్ స్టూడియోకు పనిచేశాడు. అప్పటికి ఆయనకు 70 దగ్గరపడింది. 1971లో విలియమ్స్ తీసి, ఆస్కార్ తెచ్చుకున్న డికెన్స్ కథలో పిసినారి స్క్రూజ్‌ను ఆడించింది హారిసే. విలియమ్స్ దశాబ్దాల తరబడి తీసిన పెద్ద సినిమాలో మాటలు లేని దొంగ పాత్ర కూడా ఆయనదే. విలియమ్స్ తానే పేరున్న దర్శకుడై ఉండి, హారిస్ పక్కన కూర్చుని మళ్లీ అఆల నుంచి నేర్చుకున్నాడు. మీరు ఇప్పుడు ఏ యానిమేషన్ క్లాసులో చేరినా నడక చార్టు, బ్రేక్‌డౌన్ అంటూ చెప్పే పాఠంలో సగం ఆ బల్ల నుంచి వచ్చిందే. హారిస్ 1982లో పోయాడు.

మన దేశానికి ఈ విద్య వచ్చిన దారి వేరు. 1956లో డిస్నీ యానిమేటర్ క్లెయిర్ వీక్స్ బొంబాయిలోని ఫిల్మ్స్ డివిజన్‌కు వచ్చి కార్టూన్ విభాగంలో శిక్షణ ఇచ్చాడు. రామ్ మోహన్ లాంటివాళ్లు ఆయన దగ్గరే నేర్చుకున్నారు. అంటే మనకు ముందు చేరింది డిస్నీ పద్ధతి. వార్నర్ లెక్కలు చాలాకాలం తర్వాత, వీడియోల ద్వారా, పుస్తకాల ద్వారా చేరాయి.

ఒక ప్రశ్న చీటీ వచ్చింది. "ఇంట్లో ఈ కార్టూన్లు ఆపి ఆపి ఫ్రేములు లెక్కపెడితే మీరు చెప్పిన 14 రావడం లేదు, 17, 18 వస్తోంది, ఎందుకు?"

మంచి ప్రశ్న. మీ ఫైలు సెకనుకు 30 ఫ్రేములది అయ్యుంటుంది. అమెరికన్ టీవీ కోసం ఫిల్మును మార్చేటప్పుడు నాలుగు ఫిల్ము ఫ్రేముల్ని ఐదు వీడియో ఫ్రేములుగా చేస్తారు. 14ను ఐదుతో గుణించి నాలుగుతో భాగిస్తే 17న్నర. అందుకే ఒకసారి 17, ఒకసారి 18. అలాంటి ఫైల్లో ఐదేసి ఫ్రేములకు ఒకటి రెండు చోట్ల నీడల్లా కలిసిపోయిన బొమ్మలు కనిపిస్తాయి, వాటిని స్మియర్ అనుకుని కాపీ చేయకండి. మన దూరదర్శన్ పద్ధతి ఫైలైతే సెకనుకు 25. అక్కడ ఫ్రేముల లెక్క సరిపోతుంది, సినిమా మాత్రం కాస్త వేగంగా నడుస్తుంది. ముందు ఫైలు వేగం చూసుకోండి. 30 అయితే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్లో ఆ నాలుగు-ఐదు మార్పును, అంటే పుల్‌డౌన్‌ను, తీసేసి 24కు తెచ్చుకోండి. ఒక పదహారు వరుసల కాగితం గీసుకుని, ఏ బొమ్మ ఎన్ని ఫ్రేములు ఉందో వరుసగా రాసుకుంటూ వెళ్లండి. మొదట కయోటీ పడే సన్నివేశం ఒక్కటే తీసుకోండి, రెండడుగులే కదా. 1 నుంచి 18 దాకా బొమ్మ ఎత్తును స్కేలుతో తెర మీదే కొలిచి పక్కన రాయండి. తీసివేతతో తగ్గుతోందా, నిష్పత్తితోనా అన్నది ఆ అంకెల్లోనే తేలిపోతుంది.

ఇంకో చీటీ ఉందా? లేదా? సరే, ఉంటాను. నమస్కారం.